అత్తయ్య పరుగందుకున్న వేసవి

ఆ వేసవిలో అందరూ ఫ్యాన్ల కింద చేరి ఉసూరుమంటుంటే, నేను మాత్రం స్వెట్టరు తొడుక్కుని కట్టింగ్ టేబుల్ ముందు నిలబడేదాన్ని. బళ్లు తెరిచేలోపు పిల్లల యూనిఫాం చొక్కాలన్నీ కుట్టి ఇచ్చెయ్యాలి. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మిషన్లన్నీ ఒకేసారి మోగుతుంటే పక్కవాళ్ల మాట కూడా వినపడదు. చెమటకి దారం చేతికి అంటుకుపోయే రోజులవి. నాకేమో వేళ్లు కొంకర్లు పోయేవి.

"అక్కా, ఆ స్వెట్టరు చూస్తుంటే నాకు ఉక్కపోసి ఊపిరాడట్లేదు. తీసెయ్యవా, నీకు పుణ్యముంటుంది," అని కాలర్లు కుట్టే ఆవిడ రోజూ బతిమాలేది.

"నీకు ఉక్కపోస్తే వెళ్లి ఫ్యాన్ కింద కూర్చో, నా స్వెట్టరు జోలికి రాకు," అనేదాన్ని. నవ్వేవాళ్లు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఎండలు ముదరకముందే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. గొంతులో థైరాయిడ్ గ్రంథి కాస్త బద్ధకించిందని చెప్పి, పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఒక మాత్ర రాసింది. చిన్న డోసుతో మొదలుపెడదాం, మళ్లీ పరీక్ష చేసి చూద్దాం అంది. ఎన్నాళ్లు వేసుకోవాలండీ అంటే, "వేసుకుంటూ ఉండండి," అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాకు ఒంట్లో బాగాలేకపోవడం అంటేనే చిరాకు. పైగా సీజన్.

అత్తయ్యకైతే మాత్రలంటే అసలు గిట్టదు. ఒక్క మిషన్‌తో ఈ షెడ్డు మొదలుపెట్టిన మనిషి. మోకాళ్లు మొరాయించాక కట్టింగ్ టేబుల్ నాకు అప్పగించి, తను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేది, మిగిలిన దారాలు కత్తిరించేది. నోరు మాత్రం ఎవరికీ అప్పగించలేదు. గొంతు కింద ఎప్పటిదో చిన్న ఉబ్బు ఒకటి ఉండేది ఆవిడకి. మా ఆయన పుట్టినప్పటి నుంచీ ఉందట. నొప్పి లేదు, బాధ లేదు, అందుకని దాన్ని ఎవరికీ చూపించలేదు. తన జాకెట్లకి కాలరు కాస్త ఎత్తుగా కుట్టుకునేది, అంతే.

ఆవిడ దగ్గర నేను పని నేర్చుకున్న మొదటి రోజు చెప్పిన సూత్రం ఒకటే. కొత్త కొలతల అట్ట అచ్చు ఏది వచ్చినా నేరుగా కొత్త గుడ్డ మీద పెట్టకూడదు. ముందు పాత గుడ్డ మీద పెట్టి, కోసి, కుట్టి, ఒకరికి తొడిగి చూడాలి. ఎక్కడైనా బిగిసినా, లాగినా పాత గుడ్డే పోతుంది. షెడ్డులో ఒక మూల చిరిగిన దుప్పట్ల గుట్ట ఉండేది అందుకే. మా ఆయన ఎప్పుడైనా తొందరపడి, "ఇంత మాత్రానికి శాంపిల్ దేనికమ్మా," అంటే, ఆ పూట ఆయనకి అక్షింతలే.

అలాంటి ఇంటికి ఒక రోజు మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. బ్యూటీ పార్లర్ నడుపుతుంది. జుట్టు కత్తిరించడం ఎంత బాగా వచ్చో, వచ్చినవాళ్లకి ఏదో ఒకటి అంటగట్టడం అంతకంటే బాగా వచ్చు. ఒక ఏడు నూనె, ఒక ఏడు సన్నబడే పొడి, ఒక ఏడు అయస్కాంతం గాజులు. ఈసారి సంచిలోంచి గోధుమరంగు సీసా తీసింది. మూతకే డ్రాపర్ ఉంది.

"ఇదిగో మరదలా, నీ జబ్బుకి విరుగుడు."

"ఏంటి వదినా ఇది?"

"అయోడిన్. నీ గ్రంథి ఎందుకు పనిచెయ్యట్లేదు? దానికి కావాల్సింది అందక. బండిలో పెట్రోలు అయిపోతే ఏం చేస్తాం? పోస్తాం. ఇదీ అంతే."

"ఉప్పులో ఉంటుంది కదా అయోడిన్?"

"ఉప్పులో ఉండేది చీమ తలకాయంత. ఇది అసలు సరుకు. నా దగ్గరికొచ్చే ఒకావిడ ఇది వాడి మాత్రలే మానేసింది తెలుసా?"

"డాక్టరమ్మని ఒక మాట అడిగి..."

"అడుగు, ఎవరొద్దన్నారు! 'అదేం వద్దు, నా మాత్రే మింగు' అంటుంది. వాళ్లకి మాత్రం వ్యాపారం ఉండదా?" అంది, వ్యాపారం చెయ్యడానికే వచ్చిన మా వదిన.

అత్తయ్య సీసా అందుకుంది. వెలుతురుకి ఎత్తి చూసింది, మూత తీసి వాసన చూసింది. "ఉంచు, చూద్దాం. కొన్నాళ్లు నా దగ్గర ఉండనీ," అని లోపలికి పట్టుకుపోయింది. నేను ఆ సంగతే మర్చిపోయాను. అప్పటికే చాలా సంగతులు మర్చిపోతున్నాను మరి.

కొన్నాళ్లకి ఒక పొద్దున గ్లాసులో నీళ్లు పట్టుకుని నా ముందు నిలబడింది. నీళ్లకి లేత గోధుమరంగు ఉంది.

"తాగు."

"అత్తయ్యా, ఏమైనా అవుతుందేమో..."

"ఏం కాదు. నేను చెప్తున్నాగా."

"మీకెలా తెలుసు?"

"తెలుసులే. ముందు తాగు."

తుప్పు పట్టిన చెంచా నాకినట్టుంది. మొహం చిట్లించాను. ఆవిడ చేత్తో ఇచ్చింది కాదంటే ఆ రోజంతా షెడ్డులో నా వంశచరిత్ర వినిపిస్తుంది. అంతకంటే తుప్పు నయం అనుకున్నాను. మాత్ర మాత్రం మానలేదు. మాత్ర డాక్టరమ్మ కోసం, చుక్కలు అత్తయ్య కోసం.

ఇక అక్కణ్నుంచి మా ఇంట్లో ఏం జరిగిందో, అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు.

అత్తయ్య లేచింది. స్టూలు మీంచి లేవడానికి మిషన్ పట్టుకుని మూలిగే మనిషి, ఒక రోజు ఉన్నట్టుండి లేచి షెడ్డు ఊడ్చేసింది. మర్నాడు ఇస్త్రీ పెట్టె పట్టింది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న మిషన్ మీద కూర్చుని చొక్కా చేతులు అతికించడం మొదలుపెట్టింది. పెడల్ మీద కాలు ఆగేది కాదు.

"అమ్మ మోకాళ్లు ఏమయ్యాయి?" అన్నాడు మా ఆయన, గుడ్లప్పగించి చూస్తూ.

"నీ కళ్లు పడకుండా దాచిపెట్టా. నువ్వెళ్లి గుడ్డ తాను తీసుకురా," అంది అత్తయ్య.

చిక్కింది కూడా. జాకెట్లు వదులైతే తనే పక్కలు పట్టి కుట్టుకుంది. ఆకలికి మాత్రం తక్కువ లేదు, వంటింట్లోకి వెళ్లి నిలబడే ఏదో ఒకటి తిని వచ్చేది. అందరికంటే ముందు లేచేది. అసలు పడుకునేదో లేదో తెలియదు. చేతులు కాస్త వణికేవి. అడిగితే, "ఇన్నేళ్లు ఖాళీగా ఉన్న చేతులు, ఉబలాటపడుతున్నాయి," అంది. ఎంత బాగా చెప్పిందో అనుకున్నాం. కాలర్లావిడ, జేబులావిడ పనాపుకుని మరీ పొగిడేవాళ్లు. "పెద్దమ్మా, మీకు వయసు వెనక్కి వెళ్తోంది, మాక్కూడా ఆ దారి చూపించండి," అంటే అత్తయ్య చిన్నపిల్లలా సిగ్గుపడేది. ఆ మనిషి సిగ్గుపడటం నేను చూడలేదు అంతకుముందు.

నేనేమో కుంగిపోతున్నాను. మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయి ఫోనెత్తితే అవతలివాళ్లు "సార్" అనేవాళ్లు. టేపు చేతిలో పట్టుకుని ఏం కొలవాలనుకున్నానో ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అత్తయ్య నా పక్కనుంచి గాలిలా వెళ్తూ, "అడుగు తియ్యమ్మాయ్, కాలికేమైనా రాయి కట్టుకున్నావా?" అనేది.

నిజం చెప్పాలంటే నాకు కుళ్లొచ్చింది. ముసలావిడ పరిగెడుతోంది, నేను కాళ్లీడ్చుకుంటున్నాను. ఆ వయసులో ఆవిడకంత ఓపిక ఎక్కణ్నుంచి వచ్చిందని ఏడ్చాను గానీ, ఎందుకు వచ్చిందని ఒక్కసారీ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం పెద్ద బడి చొక్కాల చేతులు కోశాను. టేబుల్ నిండా పొర మీద పొర పరిచి, పైన సుద్దతో గీత గీసి, కట్టింగ్ మిషన్ పెట్టి కోసేశాను. కోస్తున్నంతసేపూ మనసులో ఏదో తేడాగా అనిపిస్తూనే ఉంది, అదేంటో పట్టుకునే శక్తి లేదు. ముక్కలు కట్టలు కట్టి మిషన్ల దగ్గర పెట్టాను. చేతులు అతికించే పని అప్పటికి అత్తయ్యదే. ఆవిడ ఒక కట్ట విప్పింది, ఒక చెయ్యి తీసింది, ఇంకో చెయ్యి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టింది. ఇంకో కట్ట విప్పింది.

మిషన్ ఆగింది. అది ఆగాక పక్క మిషన్లూ ఒక్కొక్కటే ఆగాయి.

"అమ్మాయ్, ఇలా రా."

వెళ్లాను.

"ఇవన్నీ ఎడమ చేతులే."

నేను చూశాను. నిజమే. గుడ్డంతా ఒకే వైపు పరిచాను. సగం పొరలు తిరగేసి పరచాలి. పని నేర్చుకున్న మొదటి వారంలో కూడా ఆ తప్పు చెయ్యలేదు నేను.

"రెండూ ఎడమ చేతులే ఉన్న పిల్లల్ని ఎక్కణ్నుంచి తెస్తావ్?" అంది అత్తయ్య. ఎవరో కిసుక్కుమన్నారు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడుపు కూడా ఆలస్యంగానే వచ్చింది నాకు. అత్తయ్య తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కట్టింగ్ మిషన్ తనే అందుకుని, టేబుల్ దగ్గర నిలబడి, మా ఆయనతో, "ఇంకో తాను దించు," అంది. నాకు స్టూలు చూపించి, "ఆ గుండీలు చూడు కాస్త," అంది.

స్టూలు మీద కూర్చున్నాను. నాకు మతి పోతోంది అనుకున్నాను. మతి పోయిన మనిషికి కత్తెర ఇవ్వరు. ఇక నా బతుకు ఈ గుమ్మం దగ్గరేనా, ఇంత తొందరగానా అనిపించింది.

రెండు రోజులకి మా ఆయన నన్ను బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం కూర్చుని, లోపలికెళ్లాం. ఆవిడ రిపోర్టు చూసి, నన్ను చూసి, మళ్లీ రిపోర్టు చూసింది.

"మాత్ర మానేశారా?"

"లేదండీ. రోజూ వేసుకుంటున్నా."

"మరి గ్రంథి పని ఇంతలా ఎలా పడిపోయింది? ఇంకేమైనా వాడుతున్నారా? టానిక్కులు, పొడులు?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు, క్లాసులో జవాబు తెలిసిన పిల్లాడిలా. "అయోడిన్ వాడుతోందండీ. రోజూ, క్రమం తప్పకుండా." అత్తయ్య కొన్నాళ్ల కిందటే ఒక సీసా నా చేతికే ఇచ్చేసింది, అది నా సంచిలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను.

డాక్టరమ్మ లేబుల్ చదివింది. ఆవిడ మొహంలో రంగు మారడం చూశాను.

"ఎన్ని చుక్కలు?"

"డ్రాపర్ నిండా అండీ."

"అమ్మా, ఇందులో ఒక్క చుక్క మనిషికి నెల రోజులకి సరిపోతుంది." సీసా బల్ల మీద దూరంగా జరిపింది. "మీది అయోడిన్ తక్కువై వచ్చిన జబ్బు కాదు. మీ ఒళ్లే మీ గ్రంథి మీద పడి దాన్ని పాడుచేస్తోంది. అలాంటి దాని నెత్తిన ఇంత అయోడిన్ గుమ్మరిస్తే, చేసే కాస్త పని కూడా మానేసి కూర్చుంటుంది. కూర్చుంది."

"అంటే నేను రోజూ రోగాన్నే తాగానా?"

"ఇంచుమించు అంతే."

విచిత్రం ఏంటంటే, ముందు నాకు సంతోషమేసింది. నా మతి పోలేదు! ఎడమ చేతులు నావి కావు, ఆ సీసావి. మాత్ర డోసు పెంచి, చుక్కలు ఆపేస్తే నెమ్మదిగా కోలుకుంటానంది డాక్టరమ్మ. మా వదిన్ని ఏ భాషలో కడిగెయ్యాలా అని అప్పుడే మనసులో మాటలు పేర్చుకుంటున్నాను.

"ఇంట్లో ఇంకెవరూ వాడట్లేదు కదా?" అంది ఆవిడ రాస్తూనే.

"లేదండీ," అన్నాడు మా ఆయన.

"మంచిది. పెద్దవాళ్లకైతే ఇంకో రకం ప్రమాదం. కొందరికి గొంతు దగ్గర పాత గడ్డలుంటాయి, ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా. వాటికి ఇంత అయోడిన్ అందితే పట్టపగ్గాలుండవు. నిద్ర పట్టదు, ఎంత తిన్నా చిక్కిపోతారు, చెమటలు, చేతులు వణుకు, గుండె దడ. చూసేవాళ్లకి మాత్రం మనిషి మహా హుషారుగా ఉన్నట్టుంటుంది."

మా ఆయన నవ్వాడు. "అచ్చం మా అమ్మలాగే..."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను. డాక్టరమ్మ రాయడం ఆపి మమ్మల్నిద్దర్నీ చూసింది.

"వెంటనే తీసుకురండి," అంది.

బండి మీద ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చాం. షెడ్డులో మిషన్లు ఎప్పట్లాగే మోగుతున్నాయి. అత్తయ్య కట్టింగ్ టేబుల్ దగ్గర ఉంది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఉబ్బు పెద్దదైందో, మనిషి చిక్కడం వల్ల అలా కనిపిస్తోందో, అది కాలరు దాటి బయటికి వచ్చి ఉంది. ఇన్నాళ్లూ రోజూ చూసిన మనిషిని ఆ పూటే మొదటిసారి చూసినట్టయింది నాకు.

"అత్తయ్యా, ఆ చుక్కల మందు మీరూ తాగుతున్నారా?"

"తాగితే?"

"ఎప్పట్నుంచి?"

"నీకంటే ముందు నుంచే." ఆవిడ చెయ్యి ఆగలేదు. "కొత్తది ఏదొచ్చినా ముందు పాత గుడ్డ మీద వేసి చూడాలా వద్దా? నా కూతురు తెచ్చింది కదా అని నేరుగా నీ గొంతులో పోసేస్తానా? పిల్ల అసలే ఒంట్లో బాగాలేక ఉంది. పాత గుడ్డ ఎవరున్నారు ఈ ఇంట్లో? నేనే కదా."

పక్కన మా ఆయన టేబుల్ అంచు పట్టుకున్నాడు.

"కొన్నాళ్లు తాగి చూశా. నాకేం కాలేదు. కాకపోగా మోకాళ్లు లేచాయి. అప్పుడే కదా నీకిచ్చింది."

"మరి తర్వాతైనా ఆపొచ్చు కదమ్మా!" అన్నాడు మా ఆయన.

"ఎందుకు ఆపాలిరా? బాగున్నదాన్ని ఎవరైనా ఆపుకుంటారా? అసలేంటి మీ మొహాలు, డాక్టరమ్మ ఏమంది?"

నేను జవాబు చెప్పకుండా ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడటం నాకు రాదు. రావాల్సిన అవసరం లేకపోయింది. బెల్టు జారిపోతున్న మిషన్‌లా కొట్టుకుంటోంది. కాసేపు పరుగు, కాసేపు తడబాటు, మధ్యలో అసలు లేనే లేదు.

"పదండి, ఆసుపత్రికి."

"ఈ పొర కోసేసి వస్తా."

"ఇప్పుడే! వదిలెయ్యండి!" అని అరిచాను. ఆ ఇంటికొచ్చాక ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "గొంతు వచ్చిందే నీకు! సరే పద. బయటికెళ్లే జాకెట్టు వేసుకుని వస్తా. ఈ తడిబట్టలతో వస్తే నీ డాక్టరమ్మ నవ్వుతుంది." చేతులు దులుపుకుని, ఇంట్లోకి చకచకా నడిచి వెళ్లింది.

ఎంతకీ రాకపోతే లోపలికెళ్లాను. అద్దం ముందు నిలబడి ఉంది. జాకెట్టు తొడుక్కుంది గానీ గుండీలు పెట్టుకోలేదు.

"ఈ కాజా ఎవరు కుట్టారు?" అంది విసుగ్గా. "గుండీ పట్టట్లేదు."

దగ్గరికెళ్లి చూశాను. కాజా బాగానే ఉంది. కుడిచేతి వేళ్లు గుండీ దాకా వస్తున్నాయి, ముట్టుకుంటున్నాయి, జారిపోతున్నాయి. మళ్లీ వస్తున్నాయి, జారిపోతున్నాయి.

"ఎవరు... కుట్టారే?" అని మళ్లీ అడిగింది. ఆ మాట ఒక పక్క పెదవి నుంచే వచ్చింది.

ఆ జాకెట్టు ఆవిడే కుట్టుకుంది.

గుండె లయ తప్పి కొట్టుకోవడంతో లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ వెళ్లి మెదడులో చిక్కుకుందన్నారు. వెంటనే తెచ్చారు కాబట్టి ప్రాణానికి ప్రమాదం తప్పవచ్చన్నారు. చెయ్యీ, మాటా ఎంతవరకు వస్తాయో చూడాలన్నారు. ఇవన్నీ ఆసుపత్రి వరండాలో నిలబడి విన్నాను. వినడమే గానీ ఒక్కటీ లోపలికి ఎక్కలేదు. రెండు పూటల కిందటి వరకు ఆ షెడ్డులో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరంటే అత్తయ్య పేరే చెప్పేదాన్ని. నేను తప్పు మనిషి కోసం భయపడ్డాను. అందరం అంతే.

వదిన పార్లర్ నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. చేతికి ఎవరిదో జుట్టు రంగు అంటుకున్న గ్లవ్ ఒకటి అలాగే ఉంది. ఆవిడ కనిపించగానే నా ఒళ్లు మండింది. డాక్టరమ్మ ముందు కూర్చుని పేర్చుకున్న మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. ఈలోపు మా ఆయనే చెప్పాడు. "అయోడిన్ వల్లేనట అక్కా. అమ్మ కూడా తాగింది. ఈమెకి ఏమైనా అవుతుందేమోనని ముందు తను తాగి చూసింది."

వదిన గోడకి ఆనుకుంది.

"రెండో సీసా నేనే తెచ్చిచ్చాను," అంది చివరికి. "అమ్మే అడిగింది. మోకాళ్లకి భలే పనిచేస్తోందే, నీ మరదలికి చెప్పకు, నవ్వుతుంది అంది. మూడోదీ ఇచ్చాను. మా అమ్మ లేచి తిరుగుతోందని ఎంత సంతోషపడ్డానో తెలుసా? వచ్చినవాళ్లందరికీ అమ్మనే చూపించాను. చూడండి మా అమ్మని అని."

నేను అనాలనుకున్నవి ఏవీ అనలేకపోయాను. కోపం పోయి కాదు. అనడానికి అక్కడ మనిషి మిగల్లేదు. వదిన గ్లవ్ లాగి పారేసి, ఫోన్ తీసి, వరండా చివరికెళ్లి ఎవరికో చేసింది. "నేనండీ, పార్లర్... ఆ సీసా వాడుతున్నారా? వాడకండి. పారబోసెయ్యండి. లేదండీ, డబ్బిచ్చేస్తాను. ఎందుకంటే... మా అమ్మ..." అక్కడికొచ్చేసరికి ఆగిపోయేది. ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, ఇంకొకరికి చేసేది. మళ్లీ ఆ మాట దగ్గరే ఆగిపోయేది.

వానలు మొదలయ్యాయి. బళ్లు తెరిచారు. మేమిచ్చిన చొక్కాల్లో పిల్లలు మా వీధిలోంచే వెళ్తుంటే కాలర్లావిడ గుమ్మంలో నిలబడి చూసేది. నాకు డోసు పెంచిన మాత్ర ఒంటబట్టింది. వేళ్లలోకి వేడి తిరిగొచ్చింది. స్వెట్టరు తీసేశాను. లెక్కలు గుర్తుంటున్నాయి, మాటకి మాట వస్తోంది. నా టేబుల్ నాకు తిరిగొచ్చింది. దాని ముందు నిలబడితే సంతోషం మాత్రం కలగలేదు.

అత్తయ్యని ఇంటికి తెచ్చాం. గ్రంథి పరుగు ఆపడానికి మాత్రలు, గుండెకి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు. మాత్రలంటే గిట్టని మనిషి కిక్కురుమనకుండా మింగేది. మాట వచ్చింది, నెమ్మదిగా, వెతుక్కుంటూ. కుడిచెయ్యి ఒడిలో పడి ఉండేది. దడ తగ్గింది, వణుకు తగ్గింది, ఒళ్లు చేసింది. డాక్టరమ్మ ప్రతిసారీ రిపోర్టు చూసి, బాగుంది, చాలా బాగుంది అనేది. బాగవుతున్న కొద్దీ అత్తయ్య మోకాళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. కూర్చున్న చోట కూర్చునే ఉండేది. గుండీలు కుట్టడానికి కూడా లేదిప్పుడు.

ఒక సాయంత్రం షెడ్డు మూసేసి, ఆవిడకి తల దువ్వుతున్నాను. వానకి బయట ఏమీ వినపడటం లేదు.

"అమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"ఆ ఎండాకాలం... నేను పరిగెత్తాను కదా. అదంతా... జబ్బేనా?"

"అవునత్తయ్యా."

"కాస్తయినా... నాది లేదా అందులో?"

దువ్వెన ఆగిపోయింది. ఇన్ని నెలల్లో డాక్టరమ్మ చెప్పినవన్నీ నాకు నోటికొచ్చు. ఈ ప్రశ్న మాత్రం ఆవిణ్ని నేనెప్పుడూ అడగలేదు. "కోసింది మీ చేతులే కదత్తయ్యా. ఎడమ చేతులు సరిచేసింది మీరే కదా," అన్నాను. ఆవిడ తలాడించింది. ఆ మాటకి సంతోషించిందనే అనుకున్నాను. మళ్లీ దువ్వడం మొదలుపెట్టాను.

"తలుపు వెయ్యి," అంది.

చలిగా ఉందేమోనని లేచి వేశాను. తిరిగొచ్చేసరికి, బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు బాగా తగ్గించింది.

"ఆ సీసా ఇంకా ఉందా?"

నాకు అర్థం కాలేదు.

"ఒక్క చుక్క," అంది. "మావాడికి చెప్పకు."

"అత్తయ్యా! అది మిమ్మల్ని చంపబోయింది!"

"ఊఁ. తెలుసు." నా చెయ్యి వదల్లేదు. "మోకాళ్లు... గుర్తుకే రాలేదు నాకు, అన్నాళ్లూ."

ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను. ఆ చూపు నేను ఎరుగుదును. స్టూలు మీద కూర్చుని, టేబుల్ ముందు పరిగెత్తుతున్న ఆవిడని నేను అలాగే చూశాను.

"పారబోశానత్తయ్యా."

"అంతా?"

"అంతా. ఉన్నవన్నీ సింకులో పోసి, సీసాలు బయట పారేశాను."

అత్తయ్య నా మొహంలోకి చాలాసేపు చూసింది, అబద్ధం చెప్తున్నానేమోనని. కాదని తెలుసుకుని, నా చెయ్యి వదిలేసి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఎంత పని చేశావమ్మాయ్," అంది.